చివరి లోడు

మా వాళ్ళందరూ క్లౌడ్‌లో పనిచేస్తారు. నేను మట్టిలో పనిచేసేదాన్ని.

డెట్రాయిట్ పక్కన మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎవరింట్లో పుట్టినరోజు భోజనాలకి వెళ్ళినా, ఎవరో ఒకరు "మీరేం చేస్తుంటారండీ?" అని అడగడం, నేను "పీట్ కంపెనీలో ల్యాబ్ చూస్తానండీ" అనడం, అవతలివాళ్ళు "ఓ, అది ఏ టెక్నాలజీ అండీ?" అనడం మామూలే. ఒకాయనైతే పీట్ అంటే ఏదో పేమెంట్ సాఫ్ట్‌వేర్ అనుకుని, "మీ స్టాక్ ఎలా ఉంది?" అని అడిగాడు. "బాగా ఎండిందండీ, రేపో ఎల్లుండో ఎత్తేస్తాం" అన్నాను. మా ఆయన పక్కనుంచి నా మోచెయ్యి నొక్కారు.

పీట్ అంటే చచ్చిపోయిన నాచు. చిత్తడి నేలలో నీళ్ళ కింద గాలాడక, పూర్తిగా కుళ్ళకుండా, వేల ఏళ్ళపాటు పొర మీద పొరగా పేరుకుపోయిన నాచు. ఆ నేలని అక్కడ బాగ్ అంటారు. అందులో బోదెలు తవ్వి నీళ్ళు బయటికి పంపేస్తే పైపొర ఆరుతుంది. దాన్ని గీరి, ఎండబెట్టి, హార్వెస్టర్ అనే పెద్ద వాక్యూమ్ బండితో పీల్చి, సంచుల్లో నింపి అమ్ముతారు. దుకాణంలో పూలమొక్క కొంటే కుండీలో ముదురు గోధుమరంగులో, తేలిగ్గా, వేలికి స్పంజిలా తగిలేది చాలావరకు అదే. బాగ్‌లోది బ్యాగ్‌లోకి ఎత్తడమే మా కంపెనీ పని. ఈ రెండింటి మధ్యా బాగుపడిందెవరంటే మాత్రం నేను చెప్పలేను.

మా బాగ్ మిషిగన్‌లో ఉత్తరాన ఒక చిన్న ఊరి పక్కన ఉండేది. సోమవారం పొద్దున్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, అక్కడే ఒక అద్దెగదిలో ఉండి, గురువారం సాయంత్రం ఇల్లు చేరేదాన్ని. కోనసీమలో కాలవగట్టు మీద పుట్టి, వ్యవసాయం చదివి, పెళ్ళితో ఈ దేశం వచ్చినదాన్ని. ఆ ఉద్యోగానికి అప్లై చేసింది నేనొక్కదాన్నే. పోటీలో ఫస్ట్ వచ్చానని ఇంట్లో చెప్పాను.

అక్కడివాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషే. కానీ ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళ మాటలు నా చెవికి మా వైపు తెలుగులోనే వినపడతాయి. అందుకని అలాగే రాస్తున్నాను.

బాగ్ మీద పనంతా చూసే ఫోర్‌మన్ ఒక పెద్దాయన. పొడుగ్గా ఉండేవాడు. ముఖం మీద ముడతల్లో ఎప్పుడూ సన్నటి పీట్ దుమ్ము ఉండేది, ఎవరో పెన్సిలుతో గీసినట్టు. ఆ బోదెలన్నీ వాళ్ళ నాన్న తవ్వినవి. తరవాత వాటిని పూడిక తీస్తూ, గట్లు సరిచేస్తూ నిలబెట్టింది ఈయన. నేను చేరిన రోజున గుమ్మంలో నిలబడి, "ల్యాబ్‌వి నువ్వేనా?" అన్నాడు. ఆ రోజునుంచి అందరికీ నా పేరు ల్యాబే. ల్యాబ్ అంటే అక్కడ ఒక జాతి కుక్క కూడా. పిలవగానే వెళ్ళేదాన్ని కాబట్టి అభ్యంతరం చెప్పడానికి లేకపోయింది.

ఆయన భార్య సంచులు నింపే లైన్ మీద పనిచేసేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కనపడ్డ ప్రతివాళ్ళనీ హనీ అనేది. ఆ ఊళ్ళో తేనెపట్టు నేనెప్పుడూ చూడలేదు గానీ తేనెకి మాత్రం కరువు లేదు. ఇక మూడో మనిషి, హార్వెస్టర్ నడిపే ఎర్రగడ్డపాయన. ఆయనా ఫోర్‌మనూ చిన్నప్పట్నుంచీ జత. బ్రేక్‌రూమ్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. చలికాలం గడ్డకట్టిన చెరువు మీద ఒకే గుడిసె వేసుకుని, మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టేవారు.

"నిన్న వీడు పట్టిన చేప ఎంతుందో తెలుసా ల్యాబూ? దాన్ని చూసి ఎర సిగ్గుపడింది," అనేవాడు ఫోర్‌మన్.

"నీకసలు ఎరే మిగల్లేదుగా. శాండ్‌విచ్‌లో పెట్టుకుని తినేశావు," అనేవాడు ఎర్రగడ్డం.

ఆ ఊరికి ఒక అలవాటుండేది. సెప్టెంబర్లో హార్వెస్ట్ ముగిసే రోజున, ఆఖరి బండెడు పీట్ కంపెనీ గుట్ట మీదికి వెళ్ళదు. గేటు లోపల, కార్లు ఆపే చోటు పక్కనే కుమ్మరిస్తారు. దాన్ని చివరి లోడు అంటారు. అది ఊరిది. బకెట్లు, తోపుడుబళ్ళు, పికప్ ట్రక్కులు వేసుకుని అందరూ వస్తారు. టమాటా మడులకి, చర్చి పూలకి, సమాధుల దగ్గర వేసే బంతి మొక్కలకి ఎవరికి కావలసినంత వాళ్ళు ఎత్తుకుపోతారు. ఫోర్‌మన్ స్వయంగా కుమ్మరిస్తాడు. భార్య యాపిల్ సైడరూ డోనట్లూ పంచుతుంది. మొదటి పార ఎప్పుడూ ఎర్రగడ్డానిదే. "ఒరేయ్, మిగతావాళ్ళకీ కాస్త ఉంచరా!" అని ఫోర్‌మన్ అరవాలి, అందరూ నవ్వాలి. సాయంత్రానికి అక్కడ తడి మరక తప్ప ఏమీ ఉండేది కాదు.

నేనూ బకెట్‌తో తెచ్చుకునేదాన్ని. కాస్త సున్నం కలిపి గోంగూర వేసేదాన్ని. పుల్లమట్టిలో పుల్లాకు. మా ఇంటి గోంగూర పచ్చడిని మెచ్చుకున్న ఆంటీలకీ అంకుల్స్‌కీ అది ఏ మట్టిదో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే మళ్ళీ ఏ టెక్నాలజీ అని అడుగుతారు.

ఒక ఏడాది వసంతంలో ల్యాబ్‌కి ఒక పెట్టె వచ్చింది. విప్పగానే లోపల్నుంచి మా ఊరి దారి వాసన వచ్చింది. వానకి తడిసిన కొబ్బరి పొట్టు వాసన. ఇటుకల్లా నొక్కిన పొట్టు. కొనేవాళ్ళు పీట్ లేని మట్టి కావాలంటున్నారు, దానికి బదులు ఇది పనికొస్తుందో లేదో చూడమని హెడ్డాఫీసు నుంచి చిన్న కబురు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము అన్నాను. పీట్ కంపెనీలో ఆ ఒక్క అబద్ధం ఎవరైనా నమ్ముతారు.

మా చిన్నప్పుడు పీచు మిల్లు పక్కన ఆ పొట్టుని గుట్టలుగా పడేసేవారు. ఎవరికీ అక్కర్లేనిది. ఆ గుట్టల మీంచి జారి, ఒళ్ళంతా దురదతో ఇంటికొచ్చి తన్నులు తినేవాళ్ళం. వీసా కోసం నేను పడ్డ తిప్పల్లో అరవంతు కూడా పడకుండా అది అమెరికా వచ్చేసింది.

ఎర్రగడ్డం కాఫీ కప్పుతో లోపలికొచ్చాడు. "ఏంటివి, ఇటుకలా? ఇల్లు కడుతున్నావా?"

"కొబ్బరి పొట్టు. నీళ్ళు పోస్తే ఉబ్బుతుంది."

"ఎక్కణ్ణుంచి?"

"మా దేశంనుంచి."

"ఓహో! చుట్టాలొచ్చారన్నమాట," అన్నాడు. గుమ్మం బయటికి తలపెట్టి, "ఒరేయ్, ల్యాబ్ చుట్టాలొచ్చార్రా! మన కుర్చీలు చూసుకోండి!" అని కేకేశాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫోర్‌మన్ వచ్చి, నానిన పొట్టు గుప్పెడు తీసుకుని పిండి, వాసన చూశాడు. "వాసన బాగానే ఉంది," అని చెయ్యి ప్యాంటుకి చాలాసేపు తుడుచుకున్నాడు.

పీట్ వద్దనేవాళ్ళ మాట తప్పు కాదు. చదువుకున్నదాన్ని, కాదనలేను. బాగ్‌ని ఎండబెడితే వేల ఏళ్ళుగా అది లోపల దాచుకున్న కార్బనంతా గాలిలో కలుస్తుంది. ఆ గ్రాఫులు నేనూ గీశాను. పీట్ అమ్మకాలు తగ్గేకొద్దీ గ్రాఫులో గీత కిందికి దిగింది గానీ, దాంతో పాటు ఎవరెవరు దిగారో చూపించే గీత ఏదీ నాకు నేర్పలేదు. రెండో షిఫ్ట్ తీసేశారు. ఊళ్ళో ఉన్న ఒక్క చిన్న హోటలు, డైనర్, మధ్యాహ్నానికే మూసేయడం మొదలుపెట్టింది. హార్వెస్టర్లు ఒక్కొక్కటీ అమ్ముడుపోయి చివరికి ఎర్రగడ్డం నడిపేదే మిగిలింది. బ్రేక్‌రూమ్‌లో కాఫీ కుండ మాత్రం పాతదే, పెద్దదే. తాగేవాళ్ళు లేక అడుగున కాఫీ మాడిపోయేది. చిన్న కుండ కొందామని ఎవరూ అనలేదు.

ఆ వేసవి చివర హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. కొత్త బూట్లు, వాటి మీద ఒక్క మరక లేదు. అందర్నీ షెడ్డులో నిలబెట్టి చెప్పాడు: ఇదే ఆఖరి హార్వెస్ట్. ఉన్న గుట్టలు సంచులకెక్కేదాకా పని ఉంటుంది, చలికాలం మధ్యకి అదీ అయిపోతుంది. తరవాత బోదెలకి అడ్డుకట్టలు వేసి, బాగ్‌ని మళ్ళీ నీళ్ళతో నింపి, నాచు పెంచుతారు. నా మటుకు నాకు డెట్రాయిట్ వైపు ల్యాబ్‌లో చోటిస్తామన్నారు, ఇంటికి దగ్గర. కొబ్బరి పొట్టులో ఉప్పెంతుందో కొలిచే పని. ఇప్పటికీ అదే చేస్తున్నాను. చుట్టాలతో కలిసిపోయానన్నమాట.

మర్నాడు ఫోర్‌మన్ ల్యాబ్‌కొచ్చి, నా స్టూలు మీద కూర్చుని కాసేపు తూకం సూదివంక చూశాడు.

"అడ్డుకట్టలు వేసే పని నన్ను చేస్తావా అని అడిగారు," అన్నాడు. "ఒక్కడికే ఉంది. మిగతాది మిషన్లు."

"మీరేమన్నారు?" అన్నాను. ఇంగ్లీషులో ఎవరికైనా ఒకటే యూ. నాకు మాత్రం ఆయన మొదట్నుంచీ మీరే.

"ఆలోచించుకుంటానన్నాను. ఆలోచించడానికేముంది? ఈ వయసులో గోదాములో పెట్టెలు మొయ్యడానికి నన్నెవడు తీసుకుంటాడు? ముసలాళ్ళకి సర్కారిచ్చే మెడికేర్ బీమా రావడానికి ఇంకా టైముంది. ఆవిడ షుగర్ మందులన్నీ నా ఇన్సూరెన్స్ మీదే." తూకం పళ్ళెం మీది దుమ్ము వేలితో తుడిచాడు. "అదొక్కటే కాదులే. నేను కాదంటే ఎవడో కాంట్రాక్టరొస్తాడు. మా నాన్న బోదెల్లో చేతికొచ్చిన మట్టంతా కుక్కి పోతాడు. అది నేను చూడలేను. పూడ్చేదేదో నేనే పూడుస్తాను."

"మీ వాళ్ళు ఏమంటారో?"

"అంటారు," అన్నాడు.

అన్నారు. ఊళ్ళో చాలామందికి ఇంకా ఒక ఆశ ఉండేది. ఏదో వేరే కంపెనీ బాగ్ కొంటుందని, మళ్ళీ పని మొదలవుతుందని. బోదెలు తెరిచి ఉన్నంతకాలం బాగ్ ఆరి ఉంటుంది. ఆరి ఉంటే ఏ ఏడాదైనా హార్వెస్టర్ దింపొచ్చు. నీళ్ళెక్కితే ఇక ఎవరూ కొనరు.

బ్రేక్‌రూమ్‌లో ఆ రోజు నేనూ ఉన్నాను. ఎర్రగడ్డం కప్పు బల్ల మీద పెట్టి, "నిజమేనా?" అన్నాడు.

"నిజమే," అన్నాడు ఫోర్‌మన్.

"నువ్వు అడ్డం వేసేశాక దీన్నెవడు కొంటాడు? చెప్పు."

"ఎవడూ రావట్లేదురా. ఇన్నాళ్ళూ ఎవడూ రాలేదు."

"రాడని ఎవడు చెప్పాడు నీకు? ఆ కొత్త బూట్లోడా?"

"నేను వెయ్యకపోతే ఇంకొకడు వేస్తాడు."

"వెయ్యనీ! ఆ ఇంకొకడు నాతో ఒకే గుడిసెలో కూర్చుని చేపలు పట్టినవాడు కాదుగా!"

ఎర్రగడ్డం తన కప్పు తీసుకుని వెళ్ళి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒక్కొక్కరే లేచి అటే వెళ్ళారు. ఆశ పూర్తిగా వదిలేసుకుంటే నీళ్ళొదులుకున్నాం అంటాం మనం. ఆ మాట ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పుకునేది కాదు. కప్పులో టీ సంచిని ముంచుతూ, తీస్తూ కూర్చున్నాను. ఎవరి బల్ల దగ్గర కూర్చోవాలో తెలియక ఆ రోజునుంచి మధ్యాహ్నం భోజనం ల్యాబ్‌లోనే చేశాను.

హార్వెస్ట్ ఆఖరి రోజున ఎర్రగడ్డం సెలవు పెట్టలేదు గానీ, హార్వెస్టర్ తాళాలు బల్ల మీద పడేసి సంచుల లైన్‌కి వెళ్ళిపోయాడు. ఆఖరి బండి ఫోర్‌మనే నడిపాడు. గేటు దగ్గరికొచ్చి చివరి లోడు కుమ్మరించాడు. పొడి పీట్ కదా, ఒక మేఘంలా లేచి నెమ్మదిగా దిగింది. ఆయన భార్య బల్ల వేసి సైడరూ డోనట్లూ సర్దింది. ఫోర్‌మన్ ఒక పార గుట్టకి ఆనించి, దాని పిడి బయటికి తిప్పి పెట్టాడు, మొదట వచ్చేవాడికి అందేలాగ.

షిఫ్ట్ అయింది. అందరూ బయటికొచ్చారు. గుట్ట పక్కనుంచే నడిచి కార్లెక్కారు. ఒకరిద్దరు ఆవిడకి తలూపారు. ఎర్రగడ్డం ఎక్కిన పికప్ వెనక ఖాళీగా ఉంది. ఆయన గుట్టని చుట్టి, అవసరానికంటే దూరంగా తిప్పుకుని, గేటు దాటి పోయాడు.

ఫోర్‌మన్ చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడే ఉన్నాడు.

"వానొచ్చేలా ఉంది," అందావిడ పెద్ద గొంతుతో. "అందుకే తొందర పడుతున్నారు. రేపొస్తారు. హనీ, నువ్వొక డోనట్ తీసుకో. ఇంకోటి తీసుకో. మీ ఆయనకి తీసుకెళ్ళు."

ఆ వారం మా ఇంట్లో అందరం డోనట్లే తిన్నాం.

వాన రెండు వారాలు విడవకుండా పడింది. గుట్ట అలాగే ఉంది. సంచులు నింపేవాళ్ళు రోజూ పొద్దునా సాయంత్రం దాని పక్కనుంచే వెళ్ళేవారు. ఫోర్‌మన్ అప్పటికే బోదెల పని మొదలుపెట్టాడు. బోదెకి అడ్డంగా చెక్క పలకలు దింపి, వెనక తడి పీట్ దట్టించి, తొక్కి గట్టిచేసేవాడు. చీకటి పడేటప్పటికి బురదతో వచ్చేవాడు.

ఒక మంగళవారం కాఫీకొచ్చి, "ల్యాబూ, చూశావా? రోడ్డువైపు కాస్త తగ్గింది," అన్నాడు. వెళ్ళి చూశాను. నిజంగానే ఒక పక్క చిన్న గుంట పడింది. మర్నాటికి ఇంకాస్త పెరిగింది. నాకు మా ఊరి మొండివాళ్ళు గుర్తొచ్చారు. పగలంతా మాటలు మానేసి, ఎవరూ చూడనప్పుడు వచ్చి పని చేసిపెట్టేవాళ్ళు. ఎర్రగడ్డం కూడా ఆ బాపతేనేమో అనుకున్నాను.

ఆ గురువారం ఇంటికి బయల్దేరి, టిఫిన్ డబ్బా ల్యాబ్‌లో మర్చిపోయి సగం దారినుంచి వెనక్కొచ్చాను. ఖాళీ పార్కింగ్‌లో ఒక్కటే కారు, గుట్టని ఆనుకుని, వెనక డిక్కీ తెరిచి ఉంది. ఆయన భార్య పెయింటు బకెట్‌లోకి పారతో పీట్ ఎత్తుతోంది. నన్ను చూసి ఆగింది. మళ్ళీ ఎత్తింది.

"మా పెరట్లో ఇంక చోటు లేదు హనీ," అంది. "చర్చి వెనకాల పోస్తున్నాను. అక్కడ ఏం మొలుస్తుందో ఆ దేవుడికే తెలియాలి."

"ఆయనకి తెలుసా?"

"ఎలా తెలుస్తుంది? చీకటి పడేదాకా బోదెల్లోనే ఉంటాడు. ఇంటికొచ్చేటప్పుడు దీన్ని చూస్తాడంతే." పార గుచ్చి, కుడి భుజం పట్టుకుని నొక్కుకుంది. లైన్ మీద ఇన్నేళ్ళు సంచులు తిప్పిన భుజం. "తగ్గిన రోజున అన్నం సరిగ్గా తింటాడు. అంత తెలుస్తోంది నాకు."

నిజానికి ఆవిడ అన్నం అనలేదు. అక్కడ అన్నమెవరు తింటారు. కానీ నాకలాగే గుర్తుంది.

నేను పార తీసుకున్నాను. ఆవిడ బకెట్లు నింపి డిక్కీలో పెట్టాక, నా కార్లో ఉన్న బకెట్ కూడా నింపుకున్నాను. పైపొర వానకి గట్టిగా అట్టకట్టింది, పార దిగడానికి కాలితో తొక్కాల్సొచ్చింది.

సోమవారం మంచు పడుతుందన్నారని ఆదివారమే బయల్దేరి వెళ్ళాను. మర్నాడు పొద్దున అందరికంటే ముందు ఫ్యాక్టరీకి చేరాను. గేటు దాటగానే ఫోర్‌మన్ కనిపించాడు. కోటు తీసి కంచెకి తగిలించి, నాలుగు పళ్ళ పారతో గుట్టని కుళ్ళగిస్తున్నాడు. అట్టకట్టిన పైపొర పగలగొట్టి, పెళ్ళల్ని వెనక్కి తోసి, లోపలి పొడి పీట్‌ని ముందుకి లాగి వదులుగా పరుస్తున్నాడు. గుట్ట చుట్టూ కాదు. రోడ్డువైపు మాత్రమే.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"వానకి గట్టిపడింది. దీని మీద మంచు పడిందంటే రాయే." ఊపిరి తీసుకున్నాడు. "ఇలా చేసి పెడితే పార తేలిగ్గా దిగుద్ది. ఆవిడ కుడి భుజం మంచిది కాదు."

నేను గుట్టవైపు చూశాను.

"అన్నీ ఒకటే బకెట్ గుర్తులు ల్యాబూ," అన్నాడు కిందికి చూస్తూ. "ఒకటే బూట్లు. మొన్న మాత్రం ఇంకో జత కనపడింది. చిన్నవి." నా కాళ్ళవైపు చూసి, నవ్వబోయి మానేశాడు. "ఆవిడకి చెప్పకు. ఎవరో వస్తున్నారని నేను సంతోషంగా ఉన్నాననుకుంటోంది. ఉండనీ."

గేటు దగ్గర లైట్లు పడ్డాయి. ఎర్రగడ్డం పికప్. ఫోర్‌మన్ పళ్ళపార నేలకి ఆనించి తలెత్తాడు. పికప్ కాస్త నెమ్మదించింది, లేదా నెమ్మదించినట్టు మా ఇద్దరికీ అనిపించింది. తరవాత గుట్టని దూరంగా చుట్టి, అవతలి చివరికి వెళ్ళి ఆగింది. తలుపు చప్పుడైంది. ఆయన ఇటు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

ఫోర్‌మన్ మళ్ళీ పని మొదలుపెట్టాడు. ఇంకా కొంచెం వదులుచేసి, పళ్ళపార వీపుతో సమంగా సర్ది, తన అడుగుల గుర్తులు కనపడకుండా పైపైన దువ్వాడు. ఆవిడ పార తీసి, బురద దులిపి, పిడి కారు ఆపేవైపు తిప్పి పెట్టాడు. కోటు తొడుక్కుని, పలకలు భుజానికెత్తుకుని బోదెల వైపు నడిచాడు.

సన్నగా మంచు మొదలైంది. నేను కార్లోంచి ప్లాస్టిక్ పట్టా తెచ్చి, ఆయన వదులుచేసిన మేరకి కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాను.